గంటకీ గంటకీ మధ్య

ఆ ఏడు వానలు ముందే పట్టుకున్నాయి. మే నెలలో స్కూళ్ళు తెరిచేసరికే మేకాంగ్ నది ఎర్రగా పొంగింది. అవతలి గట్టున ఉండే లావోస్ ఒక్కోరోజు పొద్దున కనిపించేదే కాదు. అలాంటి ఒక పొద్దున, టర్ము మొదలైన రోజున, బూట్లు తొడుక్కుంటూ నా కూతురు నాతో ఒప్పందం చేసుకుంది.

"అమ్మా, ఈసారి నన్ను నీ క్లాసులో వేశారు."

"చూశాను. ఎనిమిదో తరగతి, ఐదో సెక్షను."

"అందుకే చెబుతున్నా. క్లాసులో నన్ను ప్రశ్నలడగొద్దు. ఊరికే నా వైపు చూడొద్దు. మన భాషయితే అస్సలు మాట్లాడొద్దు."

"మరి నిన్నేమని పిలవను?"

"అందరూ పిలిచినట్టే. ఫా అని."

థాయిలాండులో పుట్టిన ప్రతి బిడ్డకీ అసలు పేరు పక్కన ఒక పొట్టి పేరుంటుంది. నా క్లాసులోనే ఒక బ్యాంకు, ఒక గోల్ఫు, ఒక బీరు ఉండేవాళ్ళు. మేం ఫిలిప్పీన్స్ నుంచి ఈ ఊరొచ్చేటప్పటికి మా క్లారిస్ ఇంకా చెయ్యి పట్టుకుని నడిచే పిల్ల. ఫా అంటే ఆకాశం. ఆ పేరు ఎవరు పెట్టారో నాకు తెలియదు. ఒకరోజు బడి నుంచి ఆ పేరు పెట్టుకునే ఇంటికొచ్చింది.

"ఒప్పుకో టెస్," అన్నాడు నా మొగుడు, అద్దం ముందు టై బిగించుకుంటూ. "పదమూడేళ్ళ పిల్లకి కన్నతల్లే టీచరుగా దాపురిస్తే ఎంత అవస్థో ఆలోచించు."

ఒప్పుకున్నాను. నా మొగుడి పేరు రెనాతో. అదే స్కూల్లో టీచరు. ఫిలిప్పీన్స్ టీచర్లందరికీ పెద్ద. థాయ్ భాష నీళ్ళు తాగినంత సులువుగా మాట్లాడతాడు కాబట్టి ఆఫీసు వాళ్ళకీ మాకూ మధ్య వారధి ఆయనే. నాకు వచ్చిన థాయ్ సంతలో కూరగాయలు బేరమాడే థాయ్. అందరూ చెప్పేది అర్థమవుతుంది. నేను చెప్పబోతే మాత్రం నాలుక మడతపడుతుంది.

ఆ స్కూల్లో పిల్లలు గది కదలరు. టీచర్లే గది నుంచి గదికి పరిగెత్తాలి. నాలుగో గంట నాకు మైదానం ఇవతలి భవనంలో, కింది అంతస్తులో. ఐదో గంట మైదానం అవతల, మూడో అంతస్తులో, మా అమ్మాయి సెక్షనుకి. ఒక క్లాసు ముగిసే గంటా, ఇంకో క్లాసు మొదలయ్యే గంటా ఒకటే. మధ్యలో ఒక్క నిమిషం కూడా ఉండదు. రెక్కలు కట్టుకుని ఎగిరితే తప్ప ఏ టీచరూ వేళకి చేరలేరు. పుస్తకాలు ఒక చంకలో, స్పీకరు ఇంకో చంకలో, గొడుగు మెడకీ భుజానికీ మధ్య ఇరికించుకుని నేను బురదలో మైదానం దాటుతుంటే, పైన మూడో అంతస్తు అప్పటికే తిరనాళ్ళలా ఉండేది.

ఆ మధ్య సమయానికి దిక్కూ దివాణం లేదు. వెళ్ళిపోయిన టీచరుకి బాధ్యత తీరిపోయింది, రావలసిన టీచరింకా రాలేదు. బల్లలు పడగొట్టేవాళ్ళు పడగొడుతుంటారు. ఒకడు ఇంకొకడి బూటు తీసుకెళ్ళి పిట్టగోడ మీంచి కిందికి వదులుతాడు. ఆడపిల్లలు ఫోనులో పాట పెట్టి డాన్సు చేస్తారు. నేను గుమ్మంలో అడుగుపెట్టి పలకరిస్తే విననట్టే ఉంటారు. లెక్కల మాస్టారి నీడ మెట్ల మీద పడితే చాలు, పిల్లి పిల్లల్లా సర్దుకుని కూర్చునేది కూడా ఈ పిల్లలే. ఆయన చేతిలో వెదురు బద్ద ఉంటుంది. పరాయి దేశం టీచర్లం, మాకు అది లేదు. కొట్టకూడదు. బయటికి పంపకూడదు. ఫెయిలు చెయ్యకూడదు, ఎంత రాయకపోయినా పాసు మార్కులు వేసి తీరాలి. ఇక మిగిలింది బతిమాలుకోవడం ఒక్కటే.

వాళ్ళకి నాయకుడు ఫ్లూక్. బంగారం కొట్టు వాళ్ళబ్బాయి. సన్నగా, కళ్ళల్లో చిలిపితనం. వాడు మొదటి వారంలోనే చెయ్యెత్తాడు.

"టీచా, మీరు ఫరాంగ్ కాదు కదా?"

టీచా అంటే టీచరే, ఫరాంగ్ అంటే తెల్లవాళ్ళు. "కాదు," అన్నాను.

"మరి మీకు ఇంగ్లీషెలా వస్తుంది?"

"నువ్వు జపాను వాడివి కాదు కదా ఫ్లూక్? మరి నీ హోండా బండి నీ మాటెలా వింటోంది?"

క్లాసు గొల్లుమంది. వాడూ నవ్వాడు. ఆ రోజుకి నేనే గెలిచాను. నా కూతురు మాత్రం తలెత్తలేదు, పుస్తకం అట్ట మీద ఏదో బొమ్మ గీసుకుంటూ ఉండిపోయింది.

జూన్‌లో ఓవెన్ వచ్చాడు. ఇంగ్లండు కుర్రాడు, పాతికేళ్ళ లోపే. నీలికళ్ళు, ఎండకి కందిన ముక్కు. మా ఇంగ్లీషు విభాగానికి పెద్ద విలైవన్, గురువులకి థాయ్‌లో ఇచ్చే గౌరవంతో అజాన్ విలైవన్, ఆ కుర్రాడికి గేటు దగ్గర పూలమాలతో స్వాగతం చెప్పింది. మొహం చూసి బొట్టు పెట్టడం ఏ దేశంలోనైనా ఒకటే. నేను పన్నెండేళ్ళ అనుభవంతో వచ్చిన రోజున గేటు కాపలావాడు నన్ను వంటావిడ అనుకుని వెనక దారి చూపించాడు.

ఓవెన్ మీద కోపం తెచ్చుకుందామని చాలా ప్రయత్నించాను. వీలుకాలేదు. మంచి పిల్లవాడు. అంతకు ముందు వాళ్ళ ఊళ్ళో కాఫీ కొట్టులో పనిచేసేవాడట. రెండో వారంలో నా బల్ల దగ్గరికి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"టెస్, నన్ను కాపాడాలి. పాస్ట్ పర్ఫెక్ట్ అంటే ఏంటి? రేపు చెప్పమన్నారు."

"నువ్వు పుట్టినప్పట్నుంచీ మాట్లాడుతున్నావుగా?"

"మాట్లాడతాను. అది ఏంటో మాత్రం తెలీదు."

కాగితం మీద గీసి చెప్పాను. మర్నాడు వాడు అదే పాఠాన్ని పాటగా కట్టి గిటారు మీద వాయించాడు. పిల్లలు బల్లలెక్కి చప్పట్లు కొట్టారు. అజాన్ విలైవన్ గుమ్మంలో నిలబడి ఫోనులో వీడియో తీసుకుంది.

గంటకీ గంటకీ మధ్య పిల్లల్ని కనిపెట్టుకుని ఉండటం ఓవెన్‌కి చేతనయింది. వాడి పద్ధతి వాళ్ళతో కలిసి ఆడటం. ఇక్కడ బూట్లు బయట విడిచి, మేజోళ్ళతోనే గదిలోకి వెళతారు. వరండా నిండా నున్నటి పలకలు. వాన జల్లు కొడితే అద్దంలా మెరుస్తాయి. ఈ చివరి నుంచి పరిగెత్తి, మేజోళ్ళ మీద ఆ చివరి దాకా జారడం ఓవెన్ నేర్పాడు. ఎవరెంత దూరం జారితే వాళ్ళకి అంత పేరు. వారం తిరిగేసరికి మూడో అంతస్తు పిల్లలకి అదే పిచ్చి. ఓవెన్ ఉన్నా జారుడే, లేకపోయినా జారుడే. నా క్లాసుకి ముందు ఓవెన్ ఉండేవాడు కాదు.

ప్రమాదమని ఓవెన్‌కి చెప్పి, అజాన్ విలైవన్ దగ్గరికి వెళ్ళాను. ఎప్పుడూ పట్టు లంగా, పట్టు రవిక, ఎప్పుడూ చిరునవ్వు. కోపం వచ్చినప్పుడు ఆ నవ్వు ఇంకాస్త పెద్దదవుతుంది.

"అజాన్, వరండా తడిగా ఉంటోంది. పిల్లలు జారుతున్నారు. నేను వచ్చేలోపు ఎవరైనా ఒకరు వాళ్ళని చూస్తే బాగుంటుంది. లేకపోతే ఎవరో ఒకరు పడతారు."

"పిల్లలు సరదాగా ఉన్నారు కదా టీచర్ టెస్," అంది. "నేను కూడా ఒక మాట అడుగుదామనుకుంటున్నాను. మీ క్లాసులో వాళ్ళు అంత సరదాగా ఎందుకుండరు?"

సాయంత్రం రెనాతోతో చెప్పాను. ఎండుచేపలు వేయిస్తున్నాడు. పక్కింటివాళ్ళకి ఆ వాసన గిట్టదని కిటికీలు వేసి ఉన్నాయి, ఇల్లంతా పొగ.

"నువ్వు ప్రతిదానికీ ఫిర్యాదులు తీసుకెళ్ళకు టెస్. మనం ఇక్కడ చుట్టాలం. చుట్టాలు వంటలకి వంకలు పెట్టరు."

"ఎనిమిదేళ్ళు ఉన్నాక కూడా చుట్టాలమేనా?"

"వాళ్ళ దృష్టిలో ఎనభై ఏళ్ళున్నా అంతే. ఆ గరిటె ఇటివ్వు, చేప మాడుతోంది."

జులైలో ఒక రోజు వాన కాస్త తెరిపిచ్చింది. బురద లేకపోవడంతో మైదానం తొందరగా దాటాను. రెండో అంతస్తు మలుపు దగ్గరికి వచ్చేసరికి పైనుంచి నవ్వులు వినిపించాయి. మామూలు గోల కాదు. అందరూ ఒకేసారి ఆగి, ఒకేసారి విరగబడే నవ్వు. ఎవరో వేషం కడుతున్నారు. ఇంకో నాలుగు మెట్లెక్కాక నా గొంతు నాకే వినిపించింది.

"పినిష్ యువర్ వర్క్ పస్ట్! పస్ట్, ఐ సెడ్!"

మా ఊరివాళ్ళకి ఫ పలకదు, ప అవుతుంది. కాలేజీలో అద్దం ముందు కింది పెదవి పళ్ళతో నొక్కిపట్టి, నెలల తరబడి సాధన చేసి ఆ ఫ నేర్చుకున్నదాన్ని నేను. స్కూల్లో ఎప్పుడూ తప్పను. ఒళ్ళు మండినప్పుడు మాత్రం జారిపోతుంది. ఒళ్ళు మండేటంత చనువు నాకు ఇంట్లోనే ఉంది.

ఆ వెనకే ఇంకో మాట వచ్చింది. అది ఇంగ్లీషూ కాదు, థాయ్ కూడా కాదు.

"దేవుడా, నా కడుపున ఎలా పుట్టావే నువ్వు!"

ఫిలిప్పీన్స్‌లో మా సొంతూరి పేరు ఇలోయిలో, ఇది ఆ ఊరి మాట. మా అమ్మ నన్ను తిట్టిన మాట, నేను నా కూతుర్ని తిట్టే మాట. యాస, విసుగు, చివర్లో తీసే దీర్ఘం, అన్నీ సరిగ్గా కుదిరాయి. ఆ స్కూలు మొత్తంలో ఆ భాష పలకగలిగిన నోళ్ళు మూడే. వాటిలో ఒకటి మెట్ల మీద నిలబడి ఉంది. ఇంకొకటి ఆఫీసులో ఉంది.

"అంటే ఏంటి, అంటే ఏంటి?" అని ఫ్లూక్ అడుగుతున్నాడు. ఆ మూడో నోరు థాయ్‌లో చెప్పింది. మళ్ళీ నవ్వులు. "ఫా, ఇంకోసారి! ఫా, ఆ చెయ్యి తిప్పడం కూడా!"

కింద ఎవరో వస్తున్న చప్పుడయ్యేదాకా నేను కదల్లేదు. అప్పుడు గట్టిగా దగ్గాను. జలుబు చేసినవాళ్ళలా రెండుసార్లు, మూడుసార్లు. నవ్వులు ఆగాయి. బల్లలు జరిగిన చప్పుడు. నేను లోపలికి వెళ్ళేసరికి నా కూతురు తన చోట కూర్చుని పుస్తకం తెరిచి ఉంది. చెవులు ఎర్రగా ఉన్నాయి. నేను ఒప్పందం ప్రకారం తన వైపు చూడలేదు.

ఆ తర్వాత రోజూ మెట్లెక్కేటప్పుడు దగ్గుతూ ఎక్కేదాన్ని. తనని నేను పట్టుకోవలసిన పరిస్థితి రాకూడదని. రెనాతో "ఆ దగ్గేంటి, డాక్టరుకి చూపించుకో" అంటే "వానలు కదా" అన్నాను. ఇంట్లో మాత్రం నా నోరు పడిపోయింది. క్లారిస్ తడి తువాలు మంచం మీద పడేసినా, కంచం తియ్యకపోయినా ఏమీ అనలేకపోయేదాన్ని. ఏ మాట అన్నా అది రేపు మూడో అంతస్తుకి వెళుతుందని అనిపించేది. "అమ్మ ఈ మధ్య మెత్తబడింది," అని రెనాతో సంతోషపడ్డాడు.

ఆగస్టు చివర్లో నాలుగో గంట ముగిసి నేను గొడుగు విప్పుతుంటే, ఆఫీసు ముందు నుంచి అజాన్ విలైవన్ పిలిచింది. ఇద్దరు మనుషులు నేల మీద పెద్ద గుడ్డ పరిచి పట్టుకుని ఉన్నారు. వచ్చే ఏడు చేరే పిల్లల కోసం గేటుకి కట్టే బ్యానరు. గుడ్డ నిండా ఓవెన్ మొహం నవ్వుతోంది. కింద ఇంగ్లీషులో, అసలైన ఇంగ్లీషు టీచర్లతో అసలైన ఇంగ్లీషు అని రాసి ఉంది.

"ఒక్కసారి తప్పులు చూడండి టీచర్ టెస్. మీరైతే సరిగ్గా చూస్తారు."

"అజాన్, నాకు క్లాసుంది. గంట కొట్టేశారు."

"ఒక్క నిమిషమే కదా. పిల్లలెక్కడికి పోతారు?"

'అసలైన' అన్న మాటలో రెండు అక్షరాలు తారుమారయ్యాయి. చూపించాను. అక్కడితో వదల్లేదు. రంగు ఎలా ఉంది, ఓవెన్ మొహం ఇంకాస్త తెల్లగా రావాలా, అక్షరాలు పెద్దవి చెయ్యాలా. ఈలోపు కుండపోతగా వాన దిగింది. అప్పుడే అవతలి భవనం పైనుంచి కేక వినిపించింది. ఆటల్లో వేసే కేక కాదని తల్లయిన ఎవరికైనా తెలుస్తుంది.

మైదానం ఎలా దాటానో గుర్తులేదు. గొడుగు ఎక్కడ పారేశానో కూడా తెలియదు. వరండా చివర స్తంభం దగ్గర ఫ్లూక్ ముడుచుకుని పడి ఉన్నాడు. ముందు పళ్ళు రెండు విరిగాయి, తెల్ల చొక్కా నిండా రక్తం. కుడి చెయ్యి ఉండాల్సిన తీరులో లేదు. చుట్టూ పిల్లలు గోడలకి అంటుకుపోయి నిలబడ్డారు. నా కూతురు మెట్ల దగ్గర ఉంది.

పి.టి. మాస్టారి పికప్ బండిలో ఆసుపత్రికి తీసుకెళ్ళాం. దారి పొడుగునా వాడు బాగున్న చేత్తో నా చెయ్యి పట్టుకునే ఉన్నాడు. "టీచా, నొప్పి. టీచా, నా పళ్ళు ఏవి? టీచా, మా అమ్మ తిడుతుంది, చెప్పకండి." నెలల తరబడి నా ప్రాణం తోడేసిన పిల్లవాడు. వాడి తల ఒళ్ళో పెట్టుకుని, వాడికి అర్థం కాదని తెలిసీ మా ఇలోయిలో భాషలో ఏవో ఊరడింపు మాటలు చెబుతూనే ఉన్నాను.

మర్నాడు స్కూలు డైరెక్టరు గదిలో కూర్చోబెట్టారు. డైరెక్టరు, అజాన్ విలైవన్, ఫ్లూక్ వాళ్ళమ్మ, నేను, ఓవెన్, అందరికీ మధ్య దుబాసీగా రెనాతో. ఫ్లూక్ వాళ్ళమ్మ అరవలేదు. మెడ నిండా బంగారంతో, ఏడ్చి వాచిన కళ్ళతో, ఒకటే మాట అడిగింది. "ఆ గంట ఎవరిది?"

"నాది," అన్నాను.

"మరి మీరెక్కడున్నారు?"

నాకు వచ్చిన థాయ్‌లో చెప్పాను. అజాన్ పిలిచారు, బ్యానరు చూడమన్నారు, క్లాసుందని చెప్పాను. అజాన్ విలైవన్ నవ్వు ఇంకాస్త పెద్దదయింది.

"నేనడిగింది ఒక్క నిమిషం సాయం. మిగతాది టీచర్ టెస్ చూసుకోవాలి కదా."

ఇంతలో ఓవెన్ కుర్చీలో ముందుకి జరిగాడు. రాత్రంతా నిద్రపోనట్టు కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఇంగ్లీషులో అన్నాడు. "నేనొకటి చెప్పాలి. ఆ జారుడు ఆట నేర్పింది నేను. ప్రమాదమని టెస్ ముందే చెప్పింది కూడా. తప్పు నాది, తనది కాదు. ఇది ఆవిడకి చెప్పండి, ప్లీజ్."

డైరెక్టరుకి ఇంగ్లీషు రాదు. ఫ్లూక్ వాళ్ళమ్మకి రాదు. ఇద్దరూ రెనాతో వైపు తిరిగారు. అజాన్ విలైవన్‌కి వచ్చు. ఆవిడ కూడా రెనాతో వైపే చూసింది. రెనాతో టై ముడి ఒకసారి సవరించుకున్నాడు.

"టీచర్ ఓవెన్ చాలా బాధపడుతున్నారు," అన్నాడు థాయ్‌లో. "బాబు త్వరగా కోలుకోవాలని ప్రార్థిస్తున్నారట."

ఫ్లూక్ వాళ్ళమ్మ కళ్ళు తుడుచుకుని ఓవెన్‌కి చేతులు జోడించింది. ఓవెన్ కూడా చేతులు జోడించాడు.

"అది కాదు," అన్నాను. "ఆయన చెప్పింది అది కాదు. ఆ ఆట... ఆ ఆట నేర్పింది ఆయన..." జారడానికి థాయ్‌లో ఏమంటారో రోజూ వినే మాటే. ఆ క్షణాన నోటికి రాలేదు. చేత్తో చూపించబోయాను.

డైరెక్టరు నా వైపు చూడలేదు. "మీ ఆవిడ ఏమంటున్నారు?" అని రెనాతోని అడిగాడు.

"కంగారులో ఉంది సార్. క్షమించండి," అన్నాడు రెనాతో.

బయటికొచ్చాక ఓవెన్ నా భుజం తట్టాడు. "హమ్మయ్య, చెప్పేశాను టెస్. ఆవిడ క్షమించేసింది కూడా, చూశావా? ఎంత మంచి మనుషులో!" వాడి మొహం చూస్తే నిజం చెప్పబుద్ధి కాలేదు. చెప్పినా ఏం చేస్తాడు? మళ్ళీ మా ఆయన్నే పిలిచి థాయ్‌లో చెప్పమంటాడు.

ఆ సాయంత్రం చింతపండు పులుసు కాచాను. ముగ్గురం కూర్చున్నాం. అన్నం వడ్డించి అడిగాను.

"ఓవెన్ అన్నది నీకు సరిగ్గా వినపడలేదా?"

"వినపడింది."

"మరి?"

రెనాతో చేప ముల్లు తీస్తూ ఉన్నాడు. "వాడి మొహం గేటు మీద ఉంది. వాడి తప్పని వాళ్ళు ఒప్పుకోరు. ఒప్పుకోని మాట నేను చెబితే నీతో పాటు నేనూ పోతాను. ఇద్దరం పోతే దీని చదువేం గాను? నువ్వే చెప్పు."

ఆయన చెప్పినదాంట్లో ఒక్క మాట కూడా అబద్ధం కాదు. అందుకే అంత అసహ్యం వేసింది.

"కనీసం కంగారులో ఉందని అనకుండా ఉండాల్సింది," అన్నాను.

"పులుసు చల్లారిపోతోంది, తిను," అన్నాడు.

గిన్నెలు కడుగుతుంటే క్లారిస్ వచ్చి గుమ్మాన్ని ఆనుకుని నిలబడింది.

"అమ్మా, నువ్వు మెట్ల మీద ఎందుకు దగ్గుతావో నాకు తెలుసు."

గిన్నె పక్కన పెట్టి తన వైపు తిరిగాను.

"అందరికీ తెలుసు. నీ దగ్గు వినిపించగానే ఆట ఆపేసి కూర్చునేవాళ్ళం. వినడం నా పని. రోజూ మెట్ల దగ్గర నేనే ఉండేదాన్ని. నిన్న కూడా వింటూనే ఉన్నాను. నువ్వెంతకీ దగ్గలేదు."

దగ్గరికి తీసుకుందామనుకున్నాను. చేతుల నిండా సబ్బు నురగ. నేను తుడుచుకునేలోపే అది ఒక అడుగు వెనక్కి వేసింది.

"రేపు క్లాసులో అడుగుతారేమో. నువ్వెప్పుడూ కావాలని ఆలస్యం చెయ్యవని నన్ను చెప్పమనకు అమ్మా. మా అమ్మ కాబట్టి వెనకేసుకొస్తున్నానంటారు. ప్లీజ్."

"చెప్పమనను," అన్నాను.

అడిగారో లేదో నాకు తెలియదు. నేను కనుక్కోలేదు.

సెప్టెంబరులో అజాన్ విలైవన్ పళ్ళబుట్ట పట్టుకుని మా ఇంటికే వచ్చింది. డ్రాగన్ పళ్ళు, రంబుటాన్లు, పైన రిబ్బను. టర్ము అయిపోయాక నా ఉద్యోగం పొడిగించడం లేదని, నా మీద అందరికీ ఎంతో గౌరవమని చెప్పింది. వెళుతూ రెనాతోతో, "వచ్చే టర్ము నుంచి ఇంగ్లీషు కార్యక్రమం మొత్తం మీరే చూడాలి," అంది. రెనాతో చేతులు జోడించి గేటు దాకా సాగనంపాడు.

"నువ్వు ఇంట్లో ఉండిపో," అన్నాడు లోపలికొచ్చి. "ట్యూషన్లు చెప్పుకో."

"ఈ ఊళ్ళో నా దగ్గరికి పిల్లల్ని ఎవరు పంపుతారు? బంగారం కొట్టావిడ పంపుతుందా?"

ఉత్తరాన కొండల్లో ఒక బళ్ళో చోటుందని తెలిసి, వస్తానని చెప్పాను. నాతో వస్తావా అని క్లారిస్‌ని అడిగాను. వాళ్ళ నాన్న మొహం చూసింది, కిటికీ చూసింది. "నా స్నేహితులందరూ ఇక్కడే ఉన్నారు కదమ్మా," అంది. పదమూడేళ్ళ వయసులో ఎవరైనా చెప్పే జవాబే. నేను పెట్టె సర్దుకోవడం మొదలుపెట్టాను.

టర్ము ఆఖరి రోజున ఎనిమిదో తరగతి ఐదో సెక్షను నాకు వీడ్కోలు సభ పెట్టింది. ఆ ప్రాంతంలో ఊరు వదిలి వెళ్ళేవాళ్ళ మణికట్టుకి తెల్లనూలు దారం కట్టి దీవిస్తారు. మనిషి ప్రాణం దారిలో చెదిరిపోకుండా ఆ దారం కట్టి ఉంచుతుందట. గది మధ్యలో కుర్చీ వేసి కూర్చోబెట్టారు. ఒక్కొక్కరే మోకాళ్ళ మీద నడిచి వచ్చి దారం కట్టారు. నెలల తరబడి నా మాట చెవిన పెట్టని పిల్లలు వెక్కి వెక్కి ఏడుస్తున్నారు. వాళ్ళు నటించడం లేదు. అదే నాకు అంతుపట్టలేదు. ఫ్లూక్ చెయ్యి ఇంకా కట్టులోనే ఉంది. ఒంటిచేత్తో ముడి పడక, పళ్ళతో పట్టుకోబోయి, ఆ ముందు పళ్ళు లేవని గుర్తొచ్చి నవ్వేశాడు. బ్యాంకు అనే పిల్లవాడు సాయం పట్టాడు. "టీచా, మళ్ళీ రావాలి," అన్నాడు ఫ్లూక్.

వరసలో నా కూతురూ ఉంది. దాని ముందు గోల్ఫు, వెనక ఇంకో అమ్మాయి. దాని వంతు వచ్చింది. అందరిలాగే మోకాళ్ళ మీద వచ్చి, తల వంచి నమస్కరించి, నా చెయ్యి పట్టుకుంది. వేళ్ళు చల్లగా ఉన్నాయి. ఏం చేస్తుందోనని అందరూ చూస్తున్నారు. ముడి వేసింది.

"ఆరోగ్యంగా ఉండండి, టీచా," అంది థాయ్‌లో.

అంతకు ముందు పిల్లలకి చెప్పిందే నేనూ చెప్పాను. "బాగా చదువుకో, ఫా."

అది లేచి పక్కకి తప్పుకుంది. వెనక అమ్మాయి ముందుకి జరిగింది.

ఓవెన్ అక్టోబరు సెలవులకి దక్షిణాన దీవులకని వెళ్ళి, ఇక తిరిగి రాలేదట. ఫోను కూడా ఎత్తలేదట. రెనాతో ముగ్గురు మనుషుల పని ఒక్కడే చేస్తున్నానని ఫోనులో వాపోయేవాడు. మొదట్లో నెలకోసారి వచ్చేవాడు. తర్వాత పండగలకి వచ్చేవాడు. ఆ తర్వాత ఆ దారి ఎంత దూరమో ఇద్దరికీ తెలిసొచ్చింది. పెద్ద గొడవలేమీ జరగలేదు. మేమిద్దరం ఎప్పుడూ ఒకరి మీద ఒకరు గొంతు పెంచలేదు.

కట్టిన దారాలు మూడు రోజులైనా చేతికి ఉండాలంటారు. కొండ మీద ఊరికి వెళ్ళిన కొత్తలో, అద్దెగదిలో ఆ మూడు రోజులూ వాటితోనే స్నానం చేశాను, వాటితోనే నిద్రపోయాను. నాలుగో రోజు పొద్దున కొత్త బడికి తయారవుతూ, మణికట్టు నుంచి మోచేతి దాకా ఉన్న ఆ కట్టని వెలుగులోకి తిప్పి చూశాను. ఒక్కటి విప్పి దాచుకుందామనుకున్నాను. తడికి అన్నీ ఒకదానికొకటి అతుక్కుని, ఒకే రంగుకి తిరిగాయి. ముడులన్నీ ఒకేలా ఉన్నాయి. ఏది నా కూతురు కట్టిందో తేలలేదు. గది యజమానురాలిని కత్తెర అడిగి, అన్నీ కలిపి కత్తిరించి, బడికి వెళ్ళాను.